తాతగారి అంబాసిడర్: ముందు నడిపించండి, తర్వాతే విప్పండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తెనాలి దగ్గర ఊళ్లో మీ తాతగారి 1971 అంబాసిడర్ మార్క్ 2 పన్నెండేళ్లుగా కొట్టంలో కదలకుండా ఉంది. విజయవాడలో ఉద్యోగాలు చేసుకునే మీరు నలుగురు స్నేహితులు ఆదివారాలు కలిసి దాన్ని బతికించాలనుకుంటున్నారు. మొత్తం విప్పేసి, బాడీ గీకించి, పెయింట్ వేయించి, ఆ తర్వాత ఇంజన్ సంగతి చూద్దామని మీ ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలి, డబ్బు ఎటు పోతుంది, ఇప్పటి ఇంజన్ ఏదైనా పెట్టొచ్చా అని మీ ప్రశ్నలు.

హైదరాబాద్‌లో మా మిత్రబృందం చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తోంది. అంబాసిడర్లు, ఫియట్లు, ఒకటి రెండు స్టాండర్డ్ హెరాల్డ్‌లు మా చేతుల మీదుగా మళ్లీ రోడ్డెక్కాయి. ఆ అనుభవంతో ముందుగా చెప్పేది ఒక్కటే: కారును మొత్తం విప్పకండి. స్నేహితులు కలిసి మొదలుపెట్టిన పాత కార్లు ఎక్కువగా ఆగిపోయేది తుప్పు వల్ల కాదు, పార్టులు దొరక్క కూడా కాదు. మొదటి నెల ఉత్సాహంలో అన్నీ ఊడదీసి అట్టపెట్టెల్లో పెడతారు. ఆరు నెలలకు ఒకరికి బదిలీ అవుతుంది, ఇంకొకరికి పెళ్లవుతుంది. ఏ బోల్టు ఎక్కడిదో గుర్తున్న మనిషి లేకపోతే ఆ పెట్టెల్లోంచి కారు మళ్లీ రాదు. చివరికి తూకానికి అమ్మేసిన కార్లను నేను చూశాను. అవన్నీ విప్పకముందు తమ చక్రాల మీద తాము నిలబడి ఉన్నవే.

అందుకని మీ వరస తిరగేయండి. ముందు కారు ఆగాలి, తర్వాత స్టార్ట్ అవ్వాలి, ఆ తర్వాత తన కాళ్ల మీద తాను పది కిలోమీటర్లు నడవాలి. నడిచే కారుకు ఒక్కో భాగం విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించి, మళ్లీ నడపాలి. ఇలా చేస్తే ప్రతి రెండు మూడు వారాలకు చేతికి ఏదో ఒక ఫలితం అందుతుంది. ఆ ఫలితం లేకపోతే ఎంత మంచి స్నేహితులైనా ఆదివారం పొద్దున్నే లేచి రారు.

కారు మీద చెయ్యి వేయకముందే ఆర్‌సీ వెతకండి. కాగితాలు లేని కారు మీద నలుగురి కష్టం పోయడం నాకు ఇష్టం ఉండదు. ఆర్‌సీ తాతగారి పేరు మీదే ఉండి ఆయన ఇప్పుడు లేకపోతే, వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. మీ నాన్నగారికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఇప్పుడే అడగండి. తుప్పు పట్టిన కారు ఎవరికీ అక్కర్లేదు గానీ, మెరిసే కారుకు హక్కుదారులు పుట్టుకొస్తారు. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో స్వయంగా చూడండి. ఆ ప్లేట్ల మీద మురికి పేరుకుని ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడవండి తప్ప వైర్ బ్రష్ పెట్టకండి. అంకెలు అరిగిపోతే ఆర్‌టీవో ఆఫీసులో నానా తిప్పలు పడాలి.

రిజిస్ట్రేషన్‌కు మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, పదిహేనేళ్లు దాటిన ఏ కారుకైనా చేసినట్టు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవడం. ఇది ఐదేళ్లకోసారి, ఫారం 25 మీద. రెండోది వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జులైలో కేంద్రం దీనికోసం మోటారు వాహనాల నిబంధనల్లో మార్పు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేయని వాహనానికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. మీ కారు వయసుకు ఇది వర్తిస్తుంది. కానీ ఆ నంబరుతో కారును రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు లాంటి పనులకే రోడ్డు మీదికి రావాలి. అమ్మమ్మను ఎక్కించుకుని మంగళగిరి గుడికి వెళ్లాలని మీరు రాశారు కదా, అలాంటి కోరిక ఉన్నవాళ్లకు మామూలు రెన్యువలే మంచిది.

ఇక కొట్టంలోకి వెళ్దాం. మొదటి రోజు చేతిలో స్పానర్ వద్దు. ఫోన్, టార్చి, పొడుగాటి కర్ర చాలు. పన్నెండేళ్లు కదలని కారు కింద, సీట్ల లోపల పాములు ఉండటం మన ఊళ్లలో మామూలే. బానెట్ కింద ఎలుకలు, తలుపు సందుల్లో కందిరీగలు ఉంటాయి. కర్రతో తట్టి, తలుపులన్నీ తెరిచి, కాసేపు ఆగి అప్పుడు దగ్గరికి వెళ్లండి. తర్వాత ఫొటోలు తీయండి. బానెట్ కింద ప్రతి వైరు, ప్రతి పైపు, ప్రతి క్లిప్పు రెండు మూడు కోణాల్లో రావాలి. మీ దగ్గర వర్క్‌షాప్ మాన్యువల్ లేనంతవరకు ఈ ఫొటోలే మీ మాన్యువల్.

ఆ రోజే తుప్పు ఎంతుందో తేల్చుకోవాలి. అంబాసిడర్‌కు లారీకో జీపుకో ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. కాబట్టి మడ్‌గార్డులో చిల్లు పడితే అది అందం సమస్య, తలుపుల కింద సైడు పట్టీల్లోనో, ఫ్లోరులోనో, వెనక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బిగించిన చోటో చిల్లు పడితే అది ప్రాణం సమస్య. చిన్న సుత్తి వెనక వైపుతోనో స్క్రూడ్రైవర్ పిడితోనో కింద అంతా తట్టుకుంటూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు చప్పగా మోగుతుంది. పాత రిపేర్లలో పుట్టీ దట్టించి ఉంటే అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి తలుపుల అడుగున జరపండి. ఎక్కడ పట్టు తప్పితే అక్కడ రేకు లేనట్టే. జాకీ పెట్టే చోట్లు మెత్తగా ఉంటే కారును అక్కడ ఎత్తకండి. ఎక్కడ ఎత్తినా కింద స్టాండ్లు పెట్టకుండా తల దూర్చొద్దు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కారు కిందికి దూరే వాడిని మా దగ్గర ఆ రోజుకు ఇంటికి పంపేస్తాం, ఎంత దగ్గరివాడైనా సరే.

కారును కొట్టంలోంచి విజయవాడకు తెచ్చే ముందు టైర్లకు గాలి పట్టి, చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూడండి. ఏదో ఒక చక్రం పట్టేసి ఉండటం ఖాయం. బ్రేక్ షూ డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతుంది. తాడు కట్టి ట్రాక్టరుతో లాగితే షూ లైనింగు ఊడి డ్రమ్ము లోపలే ముక్కలవుతుంది. ఆ చక్రాన్ని ఎత్తి, అడ్జస్టరు వెనక్కి తిప్పి, డ్రమ్ము చుట్టూ మోస్తరు సుత్తితో కొడుతూ వస్తే వదులుతుంది. ఆ తర్వాత కూడా తాడు కట్టి లాక్కురావొద్దు, ట్రాలీ మీద ఎక్కించి తీసుకురండి.

పని బ్రేకులతో మొదలవ్వాలి. ఇంజన్ ఉండగా బ్రేకులేమిటని మీ వాళ్లు అంటారు. ఇంజన్ స్టార్ట్ అయిన పది నిమిషాలకు ఎవరో ఒకరు గేరు వేసి ముందుకు కదిలిస్తారు, ఆ తహతహను ఎవరూ ఆపలేరు. అప్పటికి బ్రేకు ఉండి తీరాలి. ఆ కాలపు అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, హైడ్రాలిక్ లైను మొత్తానికీ ఒకే దారి. ఎక్కడ ఒక్క రబ్బరు తెగినా పెడల్ నేలకు తగులుతుంది, ఏ చక్రానికీ బ్రేకు పడదు. కాబట్టి సగం పని చేసి సరిపెట్టుకునే చోటు కాదిది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు అన్నీ విప్పి లోపలి గోడలు గోరుతో తడమండి. గుంతలు తగిలితే కొత్త రబ్బరు కిట్టు వేసినా లాభం లేదు, సిలిండరే మార్చాలి, లేదా లేత్ మీద స్లీవు (లోపల కొత్త గొట్టపు పొర) వేయించాలి. స్లీవు పనికి విజయవాడ ఆటోనగర్ మీ పక్కనే ఉంది, అంతకంటే మంచి చోటు ఎక్కడా వెతకక్కర్లేదు. రబ్బరు హోసులు పైకి బాగున్నట్టు కనిపించినా మార్చేయండి. లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది, అప్పుడు బ్రేకు పడుతుంది గానీ వదలదు.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి నల్లటి దుమ్మును నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం చేయకండి. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు అది విషం. నీళ్లు చిలకరించి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి. ముఖానికి మాస్కు పెట్టుకోండి. బ్రేకు రబ్బర్లకు కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్, గ్రీజు ఏవీ తగలకూడదు, తగిలితే ఉబ్బిపోతాయి. బిగించేటప్పుడు బ్రేక్ ఆయిల్‌తోనే తడపాలి.

బ్రేకు లైనులోంచి గాలి తీయడం స్నేహితులు చేయడానికే పుట్టిన పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ మీద కాలు పెడతారు. ఒకరు చక్రం దగ్గర స్పానరుతో, పారదర్శకమైన చిన్న గొట్టంతో కూర్చుంటారు. గొట్టం రెండో కొస బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి. మూడో మనిషి మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ అయిపోకుండా పోస్తుంటాడు. "నొక్కు" అంటే నొక్కాలి, "పట్టుకో" అంటే కాలు కదపకూడదు. నిపుల్ (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూ) సగం తిప్పితే గొట్టంలో బుడగలు బుడబుడమని వస్తాయి, పెడల్ కిందికి దిగుతుంది. నిపుల్ బిగించాకే "వదులు" అనాలి. ఒక్క మాట అటూ ఇటూ అయినా గాలి మళ్లీ లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. బుడగలు ఆగి, కాలి కింద పెడల్ గట్టిపడ్డాక ఆ సీట్లో ఉన్నవాడి ముఖం చూడండి. ఈ ఒక్క సాయంత్రంతో మీ నలుగురిలో ఎవరు ఓపిగ్గా వింటారో, ఎవరు తొందరపడతారో కూడా తెలిసిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీలుస్తుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. అది పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోసి కడగండి.

ఇప్పుడు ఇంజన్. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలనే కోరికను కొన్ని వారాలు పక్కన పెట్టండి. ముందు నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పలచటి ఆయిల్ పోసి వారం రోజులు వదిలేయండి. అంబాసిడర్‌లో మనకున్న వరం ముందు బంపరు దగ్గర్నుంచి దూర్చే స్టార్టింగ్ హ్యాండిల్. డిక్కీలో ఉందేమో వెతకండి. దాంతో మెల్లగా అటో ఇటో కదిపి చూడండి. కదిలితే సగం గెలిచినట్టే. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఇంకో వారం ఆగండి. హ్యాండిల్‌కు పైపు తొడిగి బలవంతంగా తిప్పడం, గేరు వేసి కారును తోయడం మాత్రం వద్దు. పిస్టన్ రింగు తుప్పుతో సిలిండర్‌కు పట్టుకుని ఉన్నప్పుడు బలం వాడితే రింగు విరిగి సిలిండర్ గోడ గీరుకుపోతుంది. అప్పటిదాకా చిన్న పని అయినది రీబోరింగ్‌కు, అంటే సిలిండర్‌ను మళ్లీ తొలిచే పనికి, పోతుంది.

తిరగడం మొదలయ్యాక పాత ఆయిల్ తీసేసి, ఫిల్టర్ మార్చి, మామూలు మినరల్ 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి. ఖరీదైన సింథటిక్ ఆయిల్ ఈ ఇంజన్‌కు అక్కర్లేదు, పాత సీళ్ల దగ్గర అది కారే అవకాశమే ఎక్కువ. ప్లగ్గులు లేకుండానే ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా తిప్పండి. పన్నెండేళ్లుగా పొడిగా ఉన్న బేరింగులకు ఆయిల్ అందకముందే ఇంజన్‌ను మండించకూడదు.

ఈ దశలోనే ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, సరిచేసుకోండి. మీ 1489 సీసీ ఇంజన్‌కు వాల్వు సందు 0.015 అంగుళాలు, స్పార్కు పుట్టించే డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు కూడా దాదాపు అంతే, ప్లగ్గు సందు 0.025. వాల్వుల పనికి ఒక పాత కిటుకు ఉంది. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు అనుకోండి. హ్యాండిల్ తిప్పుతుంటే ఏ వాల్వు పూర్తిగా కిందికి దిగిందో చూసి, దాని నంబరును తొమ్మిదిలోంచి తీసేయండి. వచ్చిన నంబరు వాల్వును సరిచేయాలి. ఒకటోది దిగితే ఎనిమిదోది, మూడోది దిగితే ఆరోది. ఒకరు హ్యాండిల్ తిప్పుతూ, ఒకరు వాల్వు చూసి నంబరు చెబుతూ, ఒకరు సందు కొలిచే ఫీలర్ గేజి పట్టుకుని చేస్తే గంటలోపు అయిపోతుంది. వేడి ఇంజన్ మీద మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ప్లగ్గు వైర్ల వరస 1-3-4-2.

కంప్రెషన్ గేజి (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) ఒకటి కొనండి, లేదా మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకోండి. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా చూపిస్తే హెడ్ (సిలిండర్ల పై మూత) దించకండి. ఒకటి తక్కువ చూపిస్తే అందులో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగుల్లో అరుగుదల ఉన్నట్టు, పెరగకపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదన్నట్టు. 'ఎలాగూ పాతదే కదా, ఇంజన్ మొత్తం దించేద్దాం' అని ఆటోనగర్‌లో ఎవరైనా అంటే ఈ అంకెలు చూపించండి. బాగున్న ఇంజన్‌ను దించడమే ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తొందరపాటు.

పెట్రోలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు పాత కార్లకు కొత్త జబ్బు అక్కడి నుంచే వస్తోంది. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతూ జిగురుగా మారి ఉంటుంది. దాన్ని ఇంజన్‌లోకి పంపొద్దు. ట్యాంకు దించి, కడిగి, లోపల తుప్పు రాలే స్థితి ఉంటే గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపి కడగండి. ట్యాంకు శుభ్రమయ్యేదాకా చిన్న డబ్బాలో పెట్రోలు పోసి, పైపుతో కార్బురేటర్‌కు ఇచ్చి స్టార్ట్ చేసుకోవచ్చు. ఆ డబ్బా ఇంజన్ వేడికి, వైర్లకు దూరంగా ఉండాలి, పక్కనే అగ్నిమాపక సిలిండర్ ఉండాలి. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించడం మాత్రం మీరు చేసే పని కాదు. ఖాళీగా కనిపించే ట్యాంకులోని ఆవిరే పేలుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1971లో తయారైన రబ్బరు దానికోసం తయారు కాలేదు. కారులోని పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచటి పొర), పైపులు మెత్తబడి, ఉబ్బి, చివరికి పగులుతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయండి, 'వైటాన్' అని అడిగితే ఇస్తారు. పంపు డయాఫ్రమ్ కూడా అలాంటిదే తెప్పించండి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, కారు నెలలపాటు నిలబడితే ఆ నీళ్లు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తాయి. కొద్దిగా పోయించుకుని తరచూ తిప్పడమే దీనికి మందు. ఇంకో సంగతి: మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఈ ఇంజన్ హెడ్ పోత ఇనుముది, ఎగ్జాస్ట్ వాల్వులు కూర్చునే చోట్లకు ఆ సీసమే రక్షణగా ఉండేది. ఎప్పుడైనా హెడ్ దించాల్సి వస్తే గట్టి సీట్ రింగులు వేయించేయండి. దానికోసమే హెడ్ దించక్కర్లేదు.

కరెంటు పనిలో ఒకే ఒక్క హెచ్చరిక. కొత్త బ్యాటరీ బిగించే ముందు కారు పాజిటివ్ ఎర్తా, నెగటివ్ ఎర్తా చూసుకోండి. ఆ కాలపు అంబాసిడర్లలో పాజిటివ్ బాడీకి ఉన్నవీ ఉన్నాయి, మధ్యలో ఎవరో మార్చినవీ ఉన్నాయి. అలవాటుగా నెగటివ్ బాడీకి తగిలిస్తే డైనమో, కటౌటు (ఛార్జింగును అదుపుచేసే పెట్టె) దెబ్బతినొచ్చు. వైర్ల మీది గుడ్డ పొర వేలితో నలిపితే పొడి అవుతుంటే మొత్తం వైరింగ్ మార్చాల్సిందే. పన్నెండు ఓల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, పాత కార్లు తగలబడేది ఎక్కువగా వైర్ల దగ్గరే. ఆ కారులో రెండే ఫ్యూజులు ఉంటాయి, చాలా వైర్లకు ఫ్యూజు రక్షణే లేదు. బ్యాటరీకి ఒక కట్-ఆఫ్ స్విచ్చి బిగించి, పని అయ్యాక ప్రతిసారీ ఆపేయండి.

ముందు సస్పెన్షన్‌లో టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి. వాటిలో బలం బిగించి ఉంటుంది, తెలియక బోల్టు విప్పితే ఎముకలు విరుగుతాయి. ఆ పని తెలిసిన మేస్త్రీకే వదిలేసి, మీరు గ్రీజు గన్ పట్టుకోండి. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ల దగ్గరి గ్రీజు నిపుళ్లలో పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంటుంది. కొత్త గ్రీజు రెండో వైపు నుంచి బయటికి వచ్చేదాకా కొట్టాలి. టైర్ల సైజు 5.90-15. గాడులు ఎంత లోతుగా ఉన్నా పాత టైర్లతో రోడ్డెక్కకండి.

పార్టుల గురించి భయపడక్కర్లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1957లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. దశాబ్దాల పాటు ట్యాక్సీగా, సర్కారు బండిగా తిరిగింది కాబట్టి కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ లాంటి చోట్ల ఇంకా సరుకు ఉంది. బేరింగులు, సీళ్లు, బెల్టుల్లాంటివి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సైజు చెబితే దొరుకుతాయి. పాతదాన్ని పట్టుకెళ్లండి, కొలిచి ఇస్తారు. మార్క్ 2కు మాత్రమే ఉన్న గ్రిల్లు, లైట్ల చుట్టూ రింగులు, డ్యాష్‌బోర్డు సామాన్ల లాంటివే కష్టం. అవి పాడైనా పారేయకండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ-సిరీస్ కుటుంబానిది, ఇంగ్లండ్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకూ ఇదే 1489 సీసీ ఇంజన్ ఆధారం. ఆ కార్లకు అక్కడ అభిమానులు ఎక్కువ కాబట్టి గ్యాస్కెట్లు, బేరింగులు, వాల్వులు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉన్న బంధువు సంక్రాంతికి వస్తుంటే ఊరగాయ తీసుకెళ్లడానికి తెచ్చే ఖాళీ పెట్టెలో ఒక గ్యాస్కెట్ సెట్టుకు చోటు దొరుకుతుంది. తెప్పించే ముందు పార్టు నంబరు, కొలతలు రెండూ సరిచూసుకోండి.

ఫియట్ పద్మిని ఉన్నవాళ్లు కాస్త తొందరపడాలి. ముంబై రోడ్ల మీది చివరి పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. ఆ ట్యాక్సీల వల్లే ఇన్నాళ్లూ బతికిన పార్టుల వ్యాపారం చూస్తుండగానే సన్నబడుతుంది.

డబ్బు ఎటు పోతుందని అడిగారు. నేను చూసిన ప్రతి కారులోనూ ఇంజన్ కంటే బాడీకే ఎక్కువైంది. రేకు కోసి కొత్తది అతికే పని గంటల లెక్కన సాగుతుంది, మొదలుపెట్టాక తుప్పు ఎంత లోపలికి పోయిందో బయటపడుతుంది. అందుకే టింకరింగ్ మొత్తానికి ఒకే రేటు మాట్లాడుకోకండి. ముందు ఫ్లోరు, సైడు పట్టీలు, కమాను కట్టల చోట్లు, ఈ మూడింటికీ మాట్లాడుకుని, ఆ పని చూశాక మిగతాది ఇవ్వండి. రేకు కోయకుండా పుట్టీతో నింపేస్తానన్న మనిషికి కారు ఇవ్వకండి. పెయింట్ అన్నిటికంటే చివర, కారు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం తిరిగాక. అప్పటికి ఏది కారుతుందో, ఏ బోల్టు మళ్లీ విప్పాలో తేలిపోయి ఉంటుంది. తాతగారు కొన్న రంగే వేయించమని నా మాట. తలుపు లోపలి అంచున, డ్యాష్‌బోర్డు వెనక పాత రంగు చెదరకుండా దొరుకుతుంది, దాన్ని చూసి కలిపిస్తారు. సీట్లు ఎప్పుడైనా కుట్టించుకోవచ్చు.

నలుగురి మధ్య లెక్కలు మొదటి రోజే మాట్లాడుకోండి. కారు ఒకరిదే, ఆర్‌సీలో ఉన్నవాళ్లది. పార్టుల ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. పనిముట్లు మాత్రం అందరూ కలిసి కొనండి, అవి బృందానివి, రేపు ఇంకొకరి కారుకు పనికొస్తాయి. నలుగురూ డబ్బు పెట్టి కారులో వాటా అనుకున్న బృందాలు విడిపోవడం చూశాను. కారుకు ఒక పుస్తకం పెట్టి తేదీ, చేసిన పని, కొన్నది, ధర రాయండి. ఒక్కొక్కరు ఒక్కో విభాగం పట్టండి. బ్రేకులు ఒకరివి, కరెంటు ఒకరిది, పెట్రోలు ఒకరిది, కాగితాలు, పార్టుల వేట ఒకరివి. ఆ విభాగంలో చివరి మాట వాళ్లదే. ఆదివారం ఆఖరి అరగంట కొత్త పని మొదలుపెట్టకుండా సామాన్లు తుడిచి, విప్పిన బోల్టులను కవర్లలో వేసి, పేరు రాసి సర్దండి. ఒకేసారి ఒక విభాగం కంటే ఎక్కువ విప్పి ఉండకూడదన్నది మా దగ్గర గట్టి నియమం.

ఒక పెద్ద మేస్త్రీని కూడా వెతుక్కోండి. ఆటోనగర్‌లో అంబాసిడర్ల మీద జీవితం గడిపి, ఇప్పుడు షెడ్డు కొడుక్కి అప్పగించి కుర్చీలో కూర్చున్న బాబాయిలు ఉన్నారు. వాళ్లు కార్బురేటర్ శబ్దం విని స్క్రూ ఎటు తిప్పాలో చెబుతారు. నెలకు ఒక ఆదివారం వచ్చి కూర్చుని చూడమని అడగండి, రోజు కూలి లెక్కకట్టి ఇవ్వండి. సరదాగా వచ్చారు కదా, టీతో సరిపెడదామనుకోవద్దు. ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఆయన ఒప్పుకుంటే. ఈ విద్య ఎక్కువగా వాళ్ల చేతుల్లోనే ఉంది, రాసిపెట్టినది చాలా తక్కువ.

చివరిగా, ఇప్పటి ఇంజన్ పెట్టే ప్రశ్న. వద్దు. ఇంజన్ మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్ దారి మూసుకుపోతుంది, మామూలు ఆర్‌సీలో కూడా అనుమతి తీసుకుని మార్పు ఎక్కించాలి. అంతకంటే పెద్ద కారణం, ఆ బరువుకూ ఆ బలానికీ తగ్గట్టు బ్రేకులు, గేరుబాక్సు, వెనక యాక్సిల్ అన్నీ మార్చుకుంటూ పోవాలి. మీకు ఏసీ కావాలంటే, వేగం కావాలంటే వేరే కారు ఉంది కదా. ఈ ఇంజన్ సరిగ్గా సర్దుకుంటే ఎక్కడా ఆయాసపడకుండా తెనాలికి వెళ్లి వస్తుంది. సీటు బెల్టులు, మంచి అద్దాలు, ప్రకాశవంతమైన వెనక లైట్లు మాత్రం తప్పకుండా పెట్టించండి.

వానలు తగ్గాక మొదలుపెట్టండి. ముందుగా ఛాసిస్ నంబరు ప్లేటు, రెండు వైపులా తలుపుల కింది పట్టీలు, వెనక కమాను కట్టలు బిగించిన చోట్లు, వీటి ఫొటోలు దగ్గర నుంచి తీసి ఇక్కడే పెట్టండి. కారును ట్రాలీ ఎక్కించే ముందు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ వెల్డింగ్ తప్పదో చూసి చెబుతాను.